వ్యాను పెందలాడే వచ్చేది

పిల్ల బడి నుంచి ఆలస్యంగా వస్తే ఏ తల్లైనా భయపడుతుంది. పెందలాడే వస్తే భయపడే తల్లిని నేను ఒక్కదాన్నే చూశాను, అదీ మా ఇంటి అద్దంలో.

రెండువేల సంవత్సరం దాటాక కొన్నేళ్ళు మేము కొల్లేటి అంచున ఒక ఊళ్ళో ఉన్నాం. అక్కడి ఎలిమెంటరీ స్కూల్లో నాకు టీచరు ఉద్యోగం. మా ఆయన తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగు కాలేజీ లెక్చరరు. తెల్లారగానే బస్సులో ఏలూరు వెళ్ళి, అక్కడ రైలెక్కి గూడెంలో దిగేవారు. మా పాప రెండో తరగతి, ఏలూరులో ఇంగ్లీషు మీడియం. టీచరమ్మ తన పిల్లని తన బళ్ళో వేసుకోలేదని ఊళ్ళో వాళ్ళు నా మొహం మీదే అనేవారు. అనుకోనీ. నా బడికి అప్పటికి గదులే సరిగ్గా లేవు. వాన వస్తే పిల్లల్ని చర్చి వసారాలో కూర్చోబెట్టి పాఠం చెప్పేదాన్ని.

బడి గొడవ కాదు నా బాధ, దారి గొడవ. మా ఊరి నుంచి మెయిన్ రోడ్డు ఎక్కేదాకా ఉన్నదాన్ని రోడ్డు అనడం మర్యాద కొద్దీ అనడమే. అటు చేపల చెరువు, ఇటు చేపల చెరువు, మధ్యలో గట్టు, గట్టు మీద ఇంత తారు. రెండు బళ్ళు ఎదురైతే ఒకటి అంచుకి ఒరిగి ఆగాలి, రెండోది ఊపిరి బిగబట్టి దాటాలి. పక్కన గోడ లేదు, రాళ్ళు పాతలేదు. ఇంకో మూరెడు పక్కకి పోతే నీళ్ళే. ఆ నీళ్ళ లోతు ఎంతో చెరువు తవ్వించిన ఆసామికి కూడా సరిగ్గా తెలీదు.

పైగా ఆ తారు మీద ఏ కాలానికి ఆ కాలం ఏదో ఒకటి పడి ఉండేది. చేపలు పట్టే రోజుల్లో లారీల్లోంచి కారిన ఐసు నీళ్ళు, కోతల్లో గడ్డి, కాలవ బాగుచేసినప్పుడు తీసి ఒడ్డున పడేసిన గుర్రపుడెక్క. అన్నిటికంటే పాపిష్టిది నల్లమట్టి. ఎండాకాలం చెరువులు ఎండగట్టి అడుగు మట్టి తవ్వుతారు. ట్రాక్టర్లు ఆ మట్టి మోస్తూ తిరిగినన్నాళ్ళూ వాటి టైర్లకి పట్టుకున్న ముద్దలు దారి పొడుగునా రాలతాయి. ఎండలో అది పెంకులా గట్టిగా ఉంటుంది. నాలుగు చినుకులు పడితే వెన్న. కొల్లేటి మట్టి మీద తొలకరికి కాలు పెట్టినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు, పెట్టనివాళ్ళకి చెప్పినా అర్థం కాదు.

ఆ దారిలో నా పిల్ల రోజూ పొద్దునా సాయంత్రం పోయి రావాలి. ఒక తెల్ల వ్యాను, అందులో మా ఊరి పిల్లలు, వాళ్ళలో నాది.

వ్యాను నడిపేది ఏలూరు ఆయన. వాళ్ళ నాన్నగారు తివాచీలు నేసేవారట. తనకి మగ్గం ముందు కుదురుగా కూర్చోవడం చాతకాక స్టీరింగు పట్టుకున్నానని నవ్వుతూ చెప్పేవాడు. పిల్లలందరికీ ఆయన వ్యాను మావయ్య. నేను "భాయ్ గారూ" అనేదాన్ని. మంచి మనిషి, పిల్లలంటే ప్రాణం. ఆయనకి ఒక అలవాటుండేది. దారిలో ఎక్కడైనా అనుమానం వస్తే వ్యాను ఆపి, దిగి, చెప్పు కాలితో తారుని అటూ ఇటూ రాసి చూసేవాడు. జారితే ఒకలా పోనిచ్చేవాడు, జారకపోతే ఇంకోలా. పిల్లలు లోపల నుంచి "మావయ్య డాన్సు కడుతున్నాడు" అని కిలకిలా నవ్వేవాళ్ళట. అలా దిగుతూ ఎక్కుతూ వచ్చేసరికి నేను బడి నుంచి ఇంటికొచ్చి, వాకిలి ఊడ్చి, ఎసరు కూడా పడేసేదాన్ని. అన్నం ఉడుకుతుండగా హారన్ వినిపించేది. అప్పటిదాకా నాకు ప్రాణం ప్రాణంలో ఉండేది కాదు.

నా భయం నాకే విసుగ్గా ఉండేది. పొద్దున్న పాపని వ్యాను ఎక్కించి, అది మలుపు తిరిగేదాకా గేటు పట్టుకుని నిలబడేదాన్ని. ప్రార్థన చేసుకుందామంటే నోటికి "ప్రభువా, ప్రభువా" తప్ప ఇంకో ముక్క వచ్చేది కాదు. మొదటి ఏడాది వానల్లో ఒకరోజు చేపల లారీ ఒకటి మా దారిలోనే చెరువులోకి పడింది. డ్రైవరూ క్లీనరూ ఈదుకుంటూ బయటపడ్డారు. ఊరు ఊరంతా చేపలు ఏరుకోవడానికి పరిగెత్తింది. నేను ఆ లారీ కేబినులోంచి బయటికొస్తున్న బురద నీళ్ళు చూస్తూ నిలబడిపోయాను. ఆ డ్రైవరుకి ఈత వచ్చు. నా పిల్లకి రాదు. ఇంటికొచ్చి ఏడుపు అందుకున్నాను.

"రేపటి నుంచి బడి మాన్పించేద్దామండీ," అన్నాను మా ఆయనతో.

ఆయన నిదానమైన మనిషి. ఇల్లు కాలుతున్నా ముందు గాలి ఎటు వీస్తోందో చూసే రకం. "మాన్పించి ఏం చేద్దాం? ఉండు, ఏదో ఒక ఉపాయం చూద్దాం," అన్నారు. నేను ఆయన మాటకి ఒళ్ళు మండి, కంచం ఆయన ముందు గట్టిగానే పెట్టాను.

ఉపాయం మాత్రం నిజంగానే చూశారు. కొన్ని వారాలపాటు కాలేజీ నుంచి వైర్లూ, అయస్కాంతం ముక్కలూ సంచిలో వేసుకొచ్చారు. వ్యాను ముందు చక్రానికి ఒక అయస్కాంతం, వెనక చక్రానికి ఒకటి. చక్రం తిరిగినప్పుడల్లా అయస్కాంతం ఎదురుగా బిగించిన చిన్న బిళ్ళ ముందు నుంచి పోతుంది, ఆ బిళ్ళకి వైరుతో కలిపిన ఒక పెట్టె అది లెక్కపెట్టుకుంటుంది. పెట్టె టిఫిన్ డబ్బా అంత ఉంటుంది, స్టీరింగు పక్కన బిగించారు.

నాకు అర్థమయ్యేలా చెప్పమన్నాను. "మన పెరట్లో నాచు పట్టిన గచ్చు మీద నువ్వు గబగబా అడుగేస్తే కాలు కొంచెం వెనక్కి జారుతుంది కదా," అన్నారు. "అడుగు పెద్దదే వేస్తావు, ముందుకి పోయేది మాత్రం తక్కువ. వ్యాను కూడా అంతే. వెనక చక్రాల్ని ఇంజను తిప్పుతుంది, ముందువి ఊరికే దొర్లుతాయి. రోడ్డు బాగుంటే రెండూ దాదాపు ఒక్కలాగే తిరుగుతాయి. జారుడుగా ఉంటే వెనకది కాస్త ఎక్కువ తిరుగుతుంది. ఆ తేడా కనిపెడితే చాలు, రోడ్డు ఎలాంటిదో చక్రమే చెప్పేస్తుంది. మనిషి కంటే ముందే చెప్తుంది."

తేడా వస్తే ఎర్రలైటు వెలిగి పెట్టె కూస్తుంది. లేకపోతే పచ్చలైటు.

ఒక ఆదివారం చర్చి అయ్యాక ఖాళీ వ్యానుతో పరీక్ష చేశారు. భాయ్ గారు నడిపారు, మా ఆయన పక్కన కూర్చున్నారు, నేను గట్టు మీద గొడుగు వేసుకుని నిలబడ్డాను. మామూలు తారు మీద పచ్చ. గుర్రపుడెక్క కుళ్ళి పరుచుకున్న చోట యాక్సిలేటరు కాస్త తొక్కేసరికి పెట్టె కుయ్యిమని అరిచింది. భాయ్ గారు వ్యాను దిగి, మా ఆయన చేతులు రెండూ పట్టుకుని ఊపేశాడు. "మీ ఋణం తీర్చుకోలేనండి. ఇన్నాళ్ళూ చెప్పుకాలుతో చూసుకున్నానండి. ఇక కుర్చీలోంచి లేవక్కర్లేదండి!" అన్నాడు. నాకూ ఏడుపొచ్చినంత పనైంది. ఆ మర్నాటి పొద్దున్న వ్యాను మలుపు తిరిగేదాకా గేటు దగ్గర నిలబడలేదు. ఎన్నాళ్ళకో అలా.

కొన్నాళ్ళు హాయిగా ఉన్నాను. ఆ హాయిలో ఒక విషయం గమనించలేదు. ముందు ఎసరు మరిగేసరికి హారన్ వినిపించసాగింది. తరవాత్తరవాత బియ్యం కడుగుతుంటేనే. నేను సంతోషించాను కూడా. పిల్ల తొందరగా ఇంటికొస్తే ఎవరికి చేదు?

ఒకరోజు నేను బడికి తాళం వేసి ఇంటికొచ్చేసరికి పాప మా గుమ్మం మెట్టు మీద కూర్చుని బిస్కెట్టు తింటోంది.

"ఏమ్మా, ఇవాళ బడి ముందే వదిలేశారా?"

"లేదమ్మా. ఎప్పుడూ లాగే."

తాళం తీస్తున్న చెయ్యి ఆగిపోయింది నాకు. బడి వదిలే వేళ మారలేదు. దారి కురచ కాలేదు. మరి ఈ మిగిలిన టైము ఎక్కడి నుంచి వచ్చింది?

"మావయ్య దారిలో దిగుతున్నాడా? చెప్పు రాసి చూస్తున్నాడా?"

పాప నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. "ఇప్పుడెందుకమ్మా? పచ్చలైటు ఉందిగా! మేమందరం అరుస్తాం. పచ్చ మావయ్యా, పచ్చ, పోనియ్యి పోనియ్యి అని. ఎర్ర వస్తే మావయ్య స్లో చేస్తాడు. మళ్ళీ పచ్చ రాగానే పోనిస్తాడు. భలే ఉంటుంది!"

మర్నాడు పొద్దున్న వ్యాను దగ్గర భాయ్ గారిని నిలదీశాను. "ఏవండీ భాయ్ గారూ, ఈమధ్య బాగా తొందరగా వస్తున్నారేంటండీ?"

ఆయన మొహం వెలిగిపోయింది. పొగిడాననుకున్నాడు పాపం. "ఆయ్! అంతా మీవారి చలవేనండి. ఇదివరకు ప్రతిచోటా భయపడి చచ్చేవాణ్ణండి. ఇప్పుడు అది కూసేదాకా పోనిస్తానండి. కూసిందా, నెమ్మదిగా ఎల్తానండి. కూయలేదా, రోడ్డు బాగున్నట్టే కదండీ."

ఆయన ఎంతో నమ్మకంగా చెప్పాడు. చదువుకున్న మొగుడు పెట్టిన పెట్టెని నేను ఏమని కాదనను? పాప ఎక్కి కిటికీలోంచి చెయ్యూపింది. ఎక్కడో ఏదో తప్పుగా ఉందని నా కడుపులో తెలుస్తోంది, నోటితో చెప్పడం రావట్లేదు.

ఆ సాయంత్రం మా ఆయనతో అన్నాను. "వ్యాను మరీ పెందలాడే వస్తోందండీ. నాకు భయంగా ఉంది."

ఆయన పకపకా నవ్వారు. "కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నట్టుంది నీ సంగతి. ఆలస్యమైతే భయం, తొందరగా వస్తే భయం. మంచి రోడ్డు మీద మంచి స్పీడులో వస్తున్నాడు. అందులో తప్పేముందే?"

"ఇదివరకు ఆయన భయపడుతూ నడిపేవాడు. ఇప్పుడు భయం లేదు ఆయనకి."

"భయంతో బండి నడుపుతారా ఎవరైనా?"

"నా పిల్ల ఎక్కిన బండి అలాగే నడపాలి," అన్నాను మొండిగా. నా దగ్గర అంతకు మించిన తర్కం లేదు. ఆయన దగ్గర చక్రాల లెక్కలున్నాయి. నేను ఓడిపోయాను.

ఎండాకాలం సెలవులొచ్చాయి. పాప ఇంట్లో ఉన్నన్నాళ్ళూ బతికాను. కానీ సెలవులతోపాటే చెరువుల్లో మట్టి తవ్వకం మొదలైంది. రోజూ మా ఇంటి ముందు నుంచి ట్రాక్టర్లు పోతుంటే, వాటి చక్రాల నుంచి రాలే ముద్దలు లెక్కపెట్టలేక లోపలికి పోయేదాన్ని. బళ్ళు తెరిచారు. ఆ యేడు వాన లేటైంది. ఆకాశంలో మబ్బు కనిపిస్తే ఊళ్ళో రైతులందరూ దండం పెట్టేవారు. నేను మాత్రం ఇంకొద్ది రోజులు ఆగమని ప్రార్థించేదాన్ని. ఆ ఊళ్ళో వాన వద్దన్న ఆడది నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఒక తెల్లవారుజామున వాన పడింది. పెద్ద వాన కాదు, నేల తడిసేంత. మట్టి వాసన ఇల్లంతా నిండింది. అందరికీ ఇష్టమైన ఆ వాసన నా ముక్కుకి తగలగానే లేచి కూర్చున్నాను. తెల్లారగానే మా ఆయన ఎప్పటిలాగే బస్సుకి వెళ్ళిపోయారు. పాపని పంపకుండా ఉంచేద్దామనుకున్నాను. అది అప్పటికే యూనిఫాం వేసుకుని, ఇవాళ పాటల పోటీ ఉందని ఎగురుతోంది. మాన్పిస్తే ఏడుస్తుంది. ఏడిస్తే ఏడవనీ అనుకోవాల్సింది. అనుకోలేకపోయాను. పక్క టీచరమ్మకి బడి అప్పజెప్పి, ఏలూరులో ఆఫీసు పనుందని అబద్ధం చెప్పి, నేనూ వ్యాను ఎక్కాను.

ముందు సీట్లో, డ్రైవరు పక్కన కూర్చున్నాను. పాప వెనకాల చివరి సీటుకి పోయింది, అది దాని సింహాసనం. పెట్టె మీద పచ్చలైటు వెలుగుతోంది. ఊరి చివర ఒకసారి కూసింది. భాయ్ గారు వెంటనే నెమ్మది చేశాడు. "చూశారాండీ, ఎంత బాగా చెప్తాదో!" అన్నాడు. నిజమే, చెప్పింది. నా గుండె కాస్త కుదుటపడింది కూడా. మళ్ళీ పచ్చ. వెనక నుంచి పిల్లలు అందుకున్నారు. "పచ్చ మావయ్యా! పచ్చ! పోనియ్యి!" అందరికంటే పైకి వినిపిస్తున్న గొంతు నా కూతురిదే.

"నెమ్మదిగా భాయ్ గారూ," అన్నాను. 

"పచ్చే ఉందండి."

చెరువుల మధ్య దారి వచ్చింది. తారు నల్లగా మెరుస్తోంది. తారే అలా మెరుస్తోందో, దాని మీది మట్టి మెరుస్తోందో తెలియలేదు. ఎదురుగా మట్టి లోడుతో ట్రాక్టరు వస్తోంది. భాయ్ గారు యాక్సిలేటరు మీద నుంచి కాలు తీసేశాడు. ఎవరైనా అదే చేస్తారు. పెట్టె కూయలేదు. పచ్చ. ఆయన ఒకసారి దాని వంక చూశాడు. పచ్చ చూసుకుని, ధైర్యంగా బ్రేకు తొక్కాడు.

వ్యాను ఆగలేదు. చక్రాలు ఆగిపోయాయి, వ్యాను పోతూనే ఉంది. చప్పుడు కూడా లేదు. నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరించేది ఆ చప్పుడు లేకపోవడమే. ముందు అద్దంలోంచి రోడ్డు పక్కకి జరిగిపోయింది, చెరువు ఎదురుగా వచ్చింది, అదీ జరిగిపోయింది. వ్యాను వెనక భాగం గిర్రున తిరిగి గట్టు దిగబోయింది. దబ్బుమని ఒక కుదుపు. అంతా ఆగిపోయింది.

ఇంజను ఆగింది. పిల్లల అరుపులు ఆగాయి. నేను వెనక్కి తిరిగాను. వెనక అద్దంలోంచి ఆకాశం కనిపించలేదు, రోడ్డూ కనిపించలేదు. నీళ్ళు కనిపించాయి, నా పిల్ల తల వెనకాలే. ముందు చక్రాలు రోడ్డు మీదున్నాయి, వెనకవి గట్టు అంచు దాటి గాల్లో ఉన్నాయి. వ్యాను ఉయ్యాలలా కొంచెం వెనక్కి ఒరిగి, కొంచెం ముందుకి వచ్చింది.

భాయ్ గారు తన వైపు తలుపు తీసుకుని కిందకి దూకాడు. వ్యాను వెనక్కి ఒరిగింది. నాకు పైప్రాణాలు పైనే పోయాయి. నేను కూడా లేవబోయాను.

"దిగకండీ! మీరు దిగొద్దండి!" అని అరిచాడు. ముందు బంపరు మీద రెండు చేతులూ వేసి మొత్తం ఒంటి బరువుతో వేలాడాడు. "మీరు దిగితే ఎనక్కి పోద్దండి!"

ట్రాక్టరు మనుషులు పరిగెత్తుకొచ్చారు. వాళ్ళూ ముందు భాగం పట్టుకుని వేలాడారు. ఒకాయన డ్రైవరు తలుపు దగ్గర నిలబడి, "ఒక్కొక్కళ్ళనీ ముందుకి అందియ్యండమ్మా, మెల్లిగా, ఎవరూ దూకొద్దు," అన్నాడు.

నేను సీట్లో మోకాళ్ళ మీద వెనక్కి తిరిగి చేతులు చాచాను. దగ్గర్లో ఉన్న పిల్లల్నే ముందు తియ్యాలి. వెనకున్నదాన్ని ముందు రమ్మంటే అందరూ కదులుతారు, వ్యాను పోతుంది. బళ్ళో పిల్లల్ని వరసలో నిలబెట్టే దాన్ని, ఆ మాత్రం నాకు తెలుసు. తెలిసినా నా కళ్ళు చివరి సీటు మీదే ఉన్నాయి. ఎదురింటి పిల్లాడు. వాడి చెల్లెలు. పాస్టరు గారి మనవడు. ఒక్కొక్కరి చంకల్లో చేతులేసి లాగి, స్టీరింగు పక్క నుంచి బయటి చేతుల్లో పెడుతున్నాను. నోటితో "మెల్లిగా నాన్నా, మెల్లిగా బంగారం" అంటున్నాను. లోపల మాత్రం ప్రతి పిల్లనీ తిట్టుకున్నాను. తొందరగా పోండి, తొందరగా పోండి, నా పిల్ల వెనకుంది. దేవుడు క్షమించుగాక, తల్లి మనసు అంతే.

చివరికి అదొక్కతే మిగిలింది. తెల్లబోయి కూర్చుంది. "రా తల్లీ, పాక్కుంటూ రా," అన్నాను. సీటు మీద నుంచి జారి, మోకాళ్ళ మీద రావడం మొదలుపెట్టింది. చెయ్యి చాస్తే అందేంత దూరం వచ్చి ఆగింది.

"అమ్మా, నా వాటర్ బాటిలు." వెనక్కి తిరగబోయింది.

నేను ఏమని అరిచానో నాకు గుర్తులేదు. అటువంటి అరుపు నా జన్మలో అంతకు ముందు అరవలేదు, ఆ తరవాతా అరవలేదు. అది అదిరిపోయి నా చేతుల్లోకి వచ్చి పడింది. జబ్బ పట్టుకుని లాగాను. బయటివాళ్ళు అందుకున్నారు.

అప్పుడు నేను కూడా దిగాలని బయటివాళ్ళు ఎదురుచూస్తుండగా, ఆ ఖాళీ వ్యానులో నా కళ్ళు పెట్టె మీద పడ్డాయి. తాళం చెవి ఇంకా తిప్పే ఉంది. వెనక చక్రాలు రెండూ నీళ్ళ పైన గాల్లో వేలాడుతున్నాయి. పచ్చలైటు వెలుగుతోంది. ప్రశాంతంగా, మీకేం భయం లేదన్నట్టు.

తాడు కట్టి ట్రాక్టరుతో వ్యానుని పైకి లాగారు. నేను పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని రోడ్డు మీదే, ఆ మట్టిలోనే కూలబడ్డాను. చీరంతా నల్లగా అయిపోయింది. భాయ్ గారు కొంచెం దూరంలో గట్టు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. నాకు ఆయన మీద కోపం రాలేదు, వచ్చే ఓపిక కూడా లేదు. "పచ్చే ఉందండి," అంటున్నాడు, ఎవరితోనో కాదు, ఊరికే. "మీరూ చూశారు కదండీ. పచ్చే ఉందండి."

సాయంత్రం మా ఆయన వచ్చేసరికి ఇంకా వెలుతురు ఉంది. ఏలూరు బస్టాండులోనే ఎవరో చెప్పారట. చెప్పులు విప్పకుండా లోపలికొచ్చి, నిద్రపోతున్న పాప కాళ్ళూ చేతులూ తడిమి తడిమి చూశారు. తరవాత వసారాలోకి వచ్చి నా పక్కన కూర్చుని, ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పమన్నారు. చెప్పాను. ట్రాక్టరు కనిపించగానే డ్రైవరు కాలు తీసేశాడని చెప్పినచోట ఆయన నన్ను ఆపారు.

"కాలు తీసేశాడా? ఆ తరవాతే బ్రేకు వేశాడా?"

"అవును."

ఆయన నేల చూస్తూ అన్నారు. "ఇంజను చక్రాన్ని తోస్తేనే అది జారుతుంది. జారితేనే తేడా వస్తుంది. కాలు తీసేస్తే తోసేవాడే లేడు, అన్నీ ఊరికే దొర్లుతాయి. బ్రేకు వేస్తే అన్నీ ఒకేసారి ఆగిపోతాయి. ముందుదీ సున్నా, వెనకదీ సున్నా. తేడా ఏముంది? దానికి అంతా బాగున్నట్టే." 

"అంటే మనిషి భయపడి కాలు తీసినప్పుడే అది నోరు మూసుకుంటుందన్నమాట."

"అవును."

నాకు ఒక్కసారిగా కోపం తన్నుకొచ్చింది. పొద్దుటి నుంచి లేని కోపం. "అయితే అప్పుడు దానికి రోడ్డు సంగతి తెలీదన్నమాటే కదండీ! తెలీనప్పుడు తెలీదని ఊరుకోక పచ్చలైటెందుకండీ? బాగుందని ఎందుకు చెప్పాలి అది? ఎవరడిగారు దాన్ని?"

ఆయన నా వంక చూశారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు నేను అంతకు ముందు చూడలేదు.

"నేను మొదట చేసినప్పుడు పచ్చలైటు లేదే," అన్నారు. "ఎర్రది ఒక్కటే. ఎర్ర వెలిగితే జారుతోందని, వెలక్కపోతే ఏమీ తెలీదని. అంతే. కానీ ఆ లారీ పడిన రోజు నుంచీ నేను బయల్దేరే వేళకే నువ్వు గేటు పట్టుకుని ఆ దారి వంక చూస్తూ నిలబడేదానివి. నీ మొహం చూసి బస్సెక్కి వెళ్ళలేకపోయేవాణ్ణి. నువ్వు చూసుకోడానికి ఏదో ఒకటి ఉండాలనిపించింది. బిగించే ముందు రోజు పెట్టాను దాన్ని. వ్యాను బయల్దేరేటప్పుడు నీకు కనిపించాలని."

కనిపించింది. వ్యాను కదిలేటప్పుడు కిటికీలోంచి ఆ పచ్చటి చుక్క చూసి, రోజూ నవ్వుతూ చెయ్యూపి లోపలికొచ్చేదాన్ని.

ఇద్దరం అలాగే కూర్చున్నాం. లోపల పాప నిద్రలో అటు నుంచి ఇటు దొర్లింది. ఇద్దరం ఒకేసారి ఉలిక్కిపడి లేచి, ఏమీ కాలేదని తెలిసి మళ్ళీ కూర్చున్నాం. బయట మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. 

"రేపు పంపుదామంటావా?" అన్నారు ఆయన.

"నాకు తెలీదండీ," అన్నాను.